గుమ్మడికాయ చిల్లరతో కట్టిన గది

ఈ సంగతి ముందే రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. మోకాళ్ళు పనికి పోనివ్వక ఇంట్లో కూర్చున్నాక, యాభై దాటిన వయసులో నేర్చుకున్నాను. మధురానగర్ నుంచి ఒక రిటైరైన పంతులమ్మ మధ్యాహ్నం పూట మా బస్తీకి వచ్చి, నాలాంటి వాళ్ళను పదిమందిని పోగేసి పలక మీద దిద్దించేది. 'ఱ' ఎందుకుందో ఆమెకూ తెలియదట, అది మాత్రం వదిలేయమంది.

రెండో కారణం మా అమ్మాయి. నాకు అక్షరాలు రాకముందు ఒకసారి నేను చెబుతుంటే తను రాసింది. చాలా బాగా రాసింది. చదివి వినిపిస్తే నాకే ముచ్చటేసింది. కానీ అందులో చిల్లర సంగతి లేదు. "అదెందుకమ్మా, చదివినోళ్ళు నిన్ను ఏమనుకుంటరు?" అంది. అది తీసేస్తే ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగలదు. అందుకే నా చేత్తో నేను రాసుకునే దాకా ఆగాను.

మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకుంటున్న రోజులవి. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండలుండేవి. ఏనుగులు పడుకున్నట్టు పెద్ద పెద్ద నల్లటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. పొద్దున్నే నెమళ్ళు అరిచేవి. మేము పాలమూరు వైపు నుంచి బండ కొట్టే పనికి వచ్చాము. మగవాళ్ళు బండకు బెజ్జాలు వేసి మందు కూరేవాళ్ళు. పేల్చే ముందు ఒకడు ఎర్రగుడ్డ ఊపుతూ వాలు పొడుగునా కేకలు వేసేవాడు. మేము పిల్లల చెవులు మూసి పట్టుకునేవాళ్ళం. పేలిన రాళ్ళను ఆడవాళ్ళం తట్టల్లో ఎత్తి మోసేవాళ్ళం. ఆ రాళ్ళతోనే పునాదులు లేచేవి. ఇల్లు పూర్తయితే, రాళ్ళు మోసిన మాలో ఒకరిద్దరు ఆ ఇంట్లోనే అంట్లు తోమడానికి కుదిరేవాళ్ళు. అట్లా పని వెంట మేమూ ఫిలింనగర్ వెనక వాలులో గుడిసెలు వేసుకుని ఉండిపోయాము.

నాకు స్టూడియోలో ఊడ్చే పని దొరికింది. షూటింగు జరిగే పెద్ద షెడ్డును ఫ్లోరు అంటారు. ఒకరోజు అందులో గుడి ఉంటుంది, రెండు రోజులు పోతే జైలు ఉంటుంది. ఏది ఉన్నా ఊడ్చాల్సిన దుమ్ము మాత్రం ఒకటే. నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. రాళ్ళు మోసిన నడుముకు చీపురు ఒక లెక్క కాదు. పైగా మధ్యాహ్నం అక్కడ మిగిలిన పప్పు, పులుసు కొంగు చాటున ఇంటికి తెచ్చుకోవచ్చు.

మా పిల్లలను చూసుకునేది అవ్వ. ఆమె వయసు ఎంతో ఆమెకు తెలియదు. అడిగితే, "పోలీస్ యాక్షన్ నాటికే నా పెండ్లయి ఇద్దరు పిల్లలు" అనేది. అక్కడికి ఎవరైనా లెక్క వేసుకోవాల్సిందే. వాలు మీద ఒక బండ గొడుగులా ముందుకు వంగి ఉండేది. దాని నీడలో అవ్వ గుడిసె. పొద్దున పిల్లనూ, పిల్లతో పాటు ఒక జొన్నరొట్టెనూ అక్కడ దించి పోతే, సాయంత్రం దాకా ఇక ఫికర్ లేదు. పన్నెండు పదమూడు మంది పిల్లలు ఉండేవాళ్ళు. అవ్వ వాళ్ళను కొట్టదు, బుజ్జగించదు. సీతాఫలం గింజలు ముందు పోసి, పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప చేయమనేది. చేశాక రెండు కుప్పలూ కలిపేసేది. వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చేసేవాళ్ళు.

ఒక ఎండాకాలం ఆ స్థలం యజమాని కొలతల టేపుతో వచ్చాడు. వారంలో అవ్వ గుడిసె తీసేశారు, తర్వాత ఆ బండను పేల్చేశారు. దానికి మందు పెట్టింది మా ఆయనే. కూలి మామూలు కంటే ఎక్కువ ఇచ్చారు. ఆ రోజు మాత్రం నేను చెవులు మూసుకోలేదు.

అవ్వ తన తమ్ముడి కొడుకు ఇంటికి చేరింది. ఒక్క గది, అందులో ఏడుగురు. అక్కడికి పిల్లలను పంపడానికి లేదు. రహమత్ నగర్‌లో సర్కారు అంగన్‌వాడీ ఉండేది కానీ అక్కడి పిల్లలకే చోటు చాలదు, మధ్యాహ్నం అయ్యేసరికి మూసేస్తారు. కొందరు పెద్దపిల్లను బడి మాన్పించి చిన్నవాళ్ళకు కాపలా పెట్టారు. కొందరు తలుపుకు తాళం వేసి పోయారు. నేను పాత చీరతో నా బిడ్డ కాలును మంచం కోడుకు కట్టి పోయాను. అప్పుడు దానికి రెండేళ్ళు నిండి నాలుగు నెలలు. సాయంత్రం వచ్చి చూస్తే కాలి మీద చీర ఒరుసుకుని ఎర్రగా కంది ఉండేది. మూడు రోజులు చూసి, నాలుగో రోజు స్టూడియోకే తీసుకుపోయాను.

అక్కడ ఒక మూల కూర్చోబెట్టి చేతికి బిస్కెట్ ఇచ్చాను. లోపల ఏడుపు సీను తీస్తున్నారు. హీరోయిన్ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నా బిడ్డ లైట్ల మధ్య నుంచి తప్పటడుగులతో నడిచి వెళ్ళి, ఆమె కొంగు లాగి, సగం కొరికిన బిస్కెట్ చేతికిచ్చింది. అందరూ నవ్వారు. ఆ హీరోయిన్ కూడా నవ్వింది. నవ్వనిది ఒక్క మేనేజరే. ఆయన గుంటూరు మనిషి.

"ఏమ్మా, ఇది షూటింగ్ అనుకున్నావా, బాలవాడి అనుకున్నావా? రీలు ఎంతో తెలుసా నీకు?" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. కాస్త మెత్తబడి, "సరే, ఈ సినిమా అయ్యేదాకా ఊరుకుంటాను. గుమ్మడికాయ కొట్టిన మర్నాటి నుంచి పిల్లతో కనపడ్డావంటే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు. తర్వాత నన్ననుకోకు" అన్నాడు.

సినిమా మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ కొడతారు, షూటింగ్ అయిపోయిన రోజు గుమ్మడికాయ కొడతారు. ఇక్కడి వాళ్ళకు గడువు అంటే అదే. నాకు రెండు నెలలు దొరికాయనుకున్నాను.

ఆ సాయంత్రం బోరింగు దగ్గర ఈ సంగతి చెబితే, ఒక్కొక్కరూ తమ గోస చెప్పుకున్నారు. మా పక్కింటామె సినిమాల్లో గుంపులో నిలబడే పనికి పోయేది. పెళ్ళి సీనులో పేరంటాలు, ఊరేగింపులో భక్తురాలు. మేము ఆమెను హీరోయినక్క అని ఎక్కిరించేవాళ్ళం. ఆమెకు కవలలు, ఇద్దరూ మగపిల్లలు, ఇద్దరూ అల్లరే. ఆమే ముందు అంది, "పోచమ్మ గుడి పక్కన జాగ ఖాళీగనే ఉంది గద. అందరం కల్సి గాడ ఒక అర్ర కట్టుకుందాం. అవ్వను కూసోబెడదాం."

"పైసలు?"

"బోనాలకు చందా అడిగితే లేదనేటోళ్ళు ఉన్నరా? గట్లనే పోదాం. కుండకు పసుపు రాసుకోని పోదాం. పసుపు కుండ ఇంటి ముంగటికి వస్తే ఎవరు లేదంటరు?"

చెట్టు కింద కూర్చున్న మగవాళ్ళు విన్నారు. ఒకాయన నవ్వి, "అమ్మోరికంటే ఇస్తరు. పిల్లల్ని సూసుడు గూడ పండుగేనా?" అన్నాడు.

అవ్వ నీళ్ళకు వచ్చి అక్కడే ఉంది. "మీరు ఒక్కనాడు సూడుండ్రి బిడ్డా, మాకు గదే పండుగ" అంది.

బోనం కుండకు పూసినట్టే కొత్త కుండకు పసుపు పూసి, వేపమండ కట్టి, ఇద్దరిద్దరం బయలుదేరాము. ఒక కట్టు పెట్టుకున్నాము. వేసేవాళ్ళు గుప్పిట మూసి వేయాలి, ఎవరెంత వేశారో ఎవరూ చూడకూడదు. లేకపోతే, తక్కువ వేసిన వాళ్ళ పిల్లలను రేపు ఎవరైనా చిన్నచూపు చూస్తారని అవ్వ భయం. బస్తీలో ఒక్క ఇల్లు కూడా మమ్మల్ని వట్టి చేతులతో పంపలేదు. బంగళాల్లో మాత్రం రకరకాలు. ఒకావిడ మమ్మల్ని గేటు బయట నిలబెట్టి, పిల్లలను ఎందుకు తక్కువ కనాలో గంటసేపు చెప్పింది, ఏమీ వేయలేదు. ఇంకొకావిడ, అంట్లు జిడ్డుగా తోముతుందని రోజూ మా వదినను తిట్టేదే, లోపలికి వెళ్ళి తన పిల్లలు ఊగిన చెక్క ఉయ్యాలను గొలుసులతో సహా విప్పించి ఇచ్చింది. మా వదిన దాన్ని నెత్తిన పెట్టుకుని వాలు దిగుతుంటే, దారి పొడుగునా ఆ గొలుసులు గలగలమన్నాయి.

స్టూడియోలో వడ్రంగులు ఒక తలుపు ఇచ్చారు. సెట్టు తలుపది. ముందు వైపు చూస్తే చెక్కడాల టేకు తలుపులా రంగులేసి ఉంటుంది, వెనక వైపు ఉత్త ప్లైవుడ్. దుస్తుల గది చూసే పెద్దాయన ఒకరోజు నన్ను పిలిచాడు. బెజవాడ ఆయన, సన్నగా, ఎప్పుడూ మెడలో టేపుతో ఉండేవాడు. ఒక మూట ముందుకు తోశాడు.

"ఇది రాజుల సినిమా అమ్మాయ్. సగంలో ఆగిపోయింది. ఇక్కడ పెట్టెలో ఎలకలు కొట్టేస్తున్నాయి. పట్టుకుపో, పిల్లలకు పక్కలు కుట్టించు" అన్నాడు. విప్పితే ఎర్ర వెల్వెట్, నీలం వెల్వెట్, జరీ అంచులు, బంగారు పూసలు. మేమంతా ఒక ఆదివారం కూర్చుని, లోపల పాత చీరలు పెట్టి, పైన రాజుల అంగీలు పరిచి బొంతలు కుట్టాము. ఎవరి బిడ్డ మహామంత్రి మీద పడుకోవాలి, ఎవరి బిడ్డ మహారాజు మీద పడుకోవాలి అని కొట్లాడుకున్నాము. నా జీవితంలో అంత నవ్విన ఆదివారం మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఆ గది ఉన్న చోట కార్లు ఆపుతున్నారు. అటు పోయినప్పుడల్లా అరచేతికి ఆ వెల్వెట్ మెత్తదనం తగులుతుంది.

గోడలు మా మగవాళ్ళే లేపారు. రాయికి కరువు లేదు కదా. కానీ పైకప్పు రేకుల దగ్గర ఆగిపోయింది. కుండ పట్టుకుని మళ్ళీ అవే ఇళ్ళకు పోవడానికి మొహం చెల్లలేదు. వానలు దగ్గరపడుతున్నాయి. నా గడువూ దగ్గరపడుతోంది.

గుమ్మడికాయ కొట్టడం అంటే ఉత్త కాయ కొట్టడం కాదు. పైన గుండ్రంగా కోసి, లోపల కుంకుమ, చిల్లర వేస్తారు. పైన కర్పూరం వెలిగించి, కెమెరాకు, హీరోకు, మొత్తం యూనిట్‌కు దిష్టి తీసి నేలకేసి కొడతారు. చిల్లర చెల్లాచెదురుగా పడుతుంది. అది దిష్టి పైసలు. స్టూడియోలో ఎవరూ దాన్ని ముట్టరు, కాలు కూడా తగలకుండా చుట్టూ తిరిగి పోతారు. ఊడ్చేది నేనే. అన్నాళ్ళూ ఆ ముక్కలతో పాటే చిల్లరను కూడా ఎత్తి వెనకాల గుంటలో పోసేదాన్ని.

రేకులకు తక్కువైన ఆ రోజుల్లో పక్క ఫ్లోరులో ఒక సినిమాకు గుమ్మడికాయ కొట్టారు. అందరూ మిఠాయి తింటూ బయటికి పోయారు. నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. ఎర్రటి ముక్కల మధ్య చిల్లర మెరుస్తోంది. నా కోసమైతే తప్పు, పిల్లల కోసం కదా అనుకున్నాను. ఒక్కొక్కటే ఏరి కొంగున ముడి వేశాను. కుళాయి దగ్గర చింతపండు పెట్టి తోమాను. సాయంత్రం గుప్పిట మూసి కుండలో వేశాను. మా కట్టు ప్రకారం ఎవరూ చూడలేదు. తర్వాత ఇంకో రెండు సినిమాలు. పెద్ద సినిమాల వాళ్ళు భయం కొద్దీ కాయ నిండా వేస్తారు. రేకులు వచ్చాయి. అందరూ పోచమ్మ చలవ అనుకున్నారు. నేనూ అవునన్నాను.

మా సినిమాకు గుమ్మడికాయ కొట్టిన రోజు రానే వచ్చింది. మర్నాడే గది తెరవాలనుకున్నాము. ఆ రోజు చిల్లర తోమడానికి వ్యవధి లేదు. నీళ్ళతో తొలిపి, అట్లాగే తెచ్చి కుండలో వేశాను. కాసేపటికి ఆడవాళ్ళంతా వచ్చారు. ఒకరు గదిలో అలుకుతున్నారు, ఒకరు వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. పిల్లలకు మరమరాలు, అవ్వకు వెండి పూత చెంబు కొందామని హీరోయినక్క కుండను చాప మీద బోర్లించింది.

పైన పడ్డ నాణేలు ఎర్రగా ఉన్నాయి.

"ఏందే గిది? గీ చిల్లరకు కుంకుమ యాడికెల్లి వచ్చింది?" అంది. అందరూ దగ్గరికి వచ్చారు. ఆమె మొహం మారిపోయింది. "పోచమ్మ పళ్ళెంల చెయ్యి పెట్టిండ్రా ఎవరన్న? అమ్మోరి పైసలు తీసిండ్రా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలుకుతున్న ఆమె పేడ చేతులతోనే లేచి వచ్చింది. గుడి పక్కన ఇల్లు ఆమెది, అందరి చూపూ ఆమె మీద పడింది. ఆమె ఏడుపు గొంతుతో, "నా పిల్లల మీద ఒట్టు, నేను గాదు" అంది. ఇక నేను ఊరుకోలేకపోయాను.

"అమ్మోరియి కావు. నేను తెచ్చిన. స్టూడియోల గుమ్మడికాయలయి."

"గుమ్మడికాయలయా?" అంది హీరోయినక్క. "దిష్టి తీసిన పైసలా?"

"ఇయ్యే గాదు. రేకులకు తక్కువైనయి గూడ గవే."

ఎవరో ఒకామె అప్పటికే గదిలో ఆడుకుంటున్న తన కొడుకును రెక్క పట్టి బయటికి లాగేసింది. తలా ఒక మాట అన్నారు. దొంగతనం చేశానన్నా అంత కోపం వచ్చేది కాదేమో. హీరోయినక్క చాప మీది నుంచి లేచి, "నేను గుంపుల నిలవడి సూసిన. గా కాయ గంతమంది మీద తిప్పిండ్రు. గా దిష్టంత కప్పు మీద బెట్టి, కింద నా పిల్లల్ని పండబెట్టమంటవా?" అంది.

అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. "ఓసి మీ అసాధ్యం గూల! బంగ్లాల ముంగట కొట్టిన గుమ్మడికాయల చిల్లర మీ మొగోళ్ళు ఏరుకోలేదా? గా పైసలతోని బీడీలు తాగలేదా?"

"మొగోళ్ళకు తగిల్తే తగలనీ అవ్వా, దుడ్డుకట్టెల లెక్క ఉంటరు. పసిపిల్లలు గట్లనా?" అందొకామె. కొందరు నవ్వారు కానీ ఆ నవ్వు నిలవలేదు.

హీరోయినక్క నా ఎదురుగా వచ్చి నిలబడింది. అరవలేదు, మెల్లగానే అంది. "ముందుగాల నీ బిడ్డను పండబెట్టు గీ అర్రల. రేపు పొద్దంత ఉండనీ. గప్పుడు సూద్దాం."

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సగం వేసిన ముగ్గు అట్లాగే ఉండిపోయింది. నేను అక్కడే కూలబడ్డాను. అవ్వ చిల్లరను కుండలోకి ఎత్తుతూ, "నువ్వు తెచ్చినా తేకున్నా నేనైతే వస్త. ఒక్కదాన్నే కూసుంట. నాకేం ఫికర్" అంది.

ఆమెకు ఫికర్ లేదు, నాకు ఉంది. దిష్టి మీద నమ్మకం లేక నేను ఆ చిల్లర తీసుకున్నానని కాదు. నమ్మకం ఉండి కూడా తీసుకున్నాను. నాకు మొదట పుట్టిన కొడుకు ఎనిమిది నెలలకే జ్వరంతో పోయాడు. చక్కని పిల్లవాడు, ఎవరి కన్నో పడిందని మా అత్త పోయేదాకా అంటూనే ఉంది. రేకులు లేకపోతే గది లేదు, గది లేకపోతే పని లేదు అని లెక్క వేసుకున్నాను కానీ, ఆ రేకుల కింద పడుకోబోయేది నా బిడ్డే అని ఏరేటప్పుడు తట్టలేదు. ఏరిన చేతులు నావి, మొదట పండబెట్టాల్సిన పిల్ల నాది. బిడ్డను ఆ గదిలో దించి పనికి పోకపోతే ఆ రెండు నెలల కష్టం మట్టిలో కలుస్తుంది. ఎవరూ రాని గదిలో మగవాళ్ళు పేకాట పెట్టుకుంటారు. దించి పోతే, రాత్రి ఆ పిల్ల ఒళ్ళు వెచ్చబడినా నన్ను నేనే చంపుకోవాలి.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన సుత్తికి పిడి బిగించుకుంటున్నాడు. పిడి గట్టిపడేలా రెండు దెబ్బలు కొట్టాడు. తర్వాత, నేను అడగని దానికి జవాబు చెప్పాడు. "గా బండ నేను పేల్చకుంటే ఇంకొకడు పేల్చేటోడు." నేను అన్నం వడ్డించాను. పిల్ల మా ఇద్దరి మధ్య పడుకుని, ఆయన వేలు పట్టుకుని నిద్రపోయింది.

మర్నాడు పొద్దున నీళ్ళు కాగబెట్టి బిడ్డకు తలంటాను. గంజన్నం తినిపించాను. రోజూ పెట్టినట్టే చెంపకు కాటుక చుక్క పెట్టాను, రెండోది పెట్టబోయి మానుకున్నాను. చంకనెత్తుకుని గది దాకా నడిచాను. అవ్వ అప్పటికే వచ్చి, మిగిలిన సగం ముగ్గు వంకరగా వేసి కూర్చుంది. నేను కుడికాలు ముందు పెట్టి లోపలికి పోయాను. నీలం బొంత పరిచి దాని మీద దించాను. అది ఏడవలేదు. జరీ అంచులో ఒక పూస దొరికితే దాన్ని పీకే పనిలో పడింది. "పోయొస్త బిడ్డా" అంటే తల ఎత్తి కూడా చూడలేదు. బయటికి వచ్చేశాను.

వాలు దిగుతుంటే హీరోయినక్క ఎదురొచ్చింది. రెండు చేతులా ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ తల దువ్వి, నూనె రాసి ఉంది. దారి ఇరుకు. ఆమె ఆగింది.

"ఏడ్చిందా?" అంది.

"ఏడ్వలే."

ఆమె పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంది. నేను పక్కకు జరిగి బండను ఆనుకుని దారి ఇచ్చాను. వాళ్ళు ముగ్గురూ పైన గది దాకా పోయేది చూసి, కొంగు నడుముకు దోపుకుని, స్టూడియో వైపు గబగబా దిగాను.